పామాయిల్ కప్పులో పన్నెండోవాడు

గుండ్లవాగు విశ్వవిద్యాలయం ఫిజికల్ డైరెక్టరు కోటిలింగం గారు ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో పైవాళ్లతో అన్న మాటలన్నీ పోగేస్తే రెండే తేలతాయి. ఒకటి "అలాగే సార్". రెండోది "అలాగే సార్, అట్నే కానిద్దాం". మైదానంలో ఆయన కేకేస్తే హాస్టలు వంటశాలలో గిన్నెలు అదిరేవి. కానీ పరిపాలనా భవనం మెట్లెక్కేసరికి ఆ గొంతు ఎక్కడికి పోయేదో, మెడ దానంతటదే ముందుకు వంగేది. ఇంట్లో భార్య ఈ సంగతి ఎత్తిపొడిస్తే, "ఉద్యోగమన్నాక అంతేనే" అని తప్పుకునేవారు.

ఆయన చేరిన కొత్తలో విశ్వవిద్యాలయాల కబడ్డీకి ఒకే ఒక్క కప్పు ఉండేది. అది గెలిచిన జట్టు రైలు దిగితే స్టేషన్లో డప్పులు మోగేవి. ఆ తర్వాత ఒక సిమెంటు కంపెనీ ఇంకో కప్పు పెట్టింది. మేమేం తక్కువ తిన్నామా అని పురుగుమందుల వాళ్లు ఒకటి, చిట్‌ఫండు వాళ్లు ఒకటి, మోకాళ్ల ఆస్పత్రి వాళ్లు ఒకటి పెట్టారు. ఇప్పుడు కప్పులు ముప్పై తొమ్మిది, జట్లు నలభై నాలుగు. ఏదో ఒక కప్పుకు అర్హత రాకుండా తప్పించుకోవాలంటే జట్టుకు అసాధారణమైన ప్రజ్ఞ ఉండాలి. వాటిలో ఆఖరుదిగా నాలుగేళ్ల కిందట 'సింహాసన కప్పు' అని ఒకటి పెట్టి, అసలు విజేత ఎవరో అందులోనే తేలుతుందన్నారు. దాంతో మిగతా ముప్పై ఎనిమిదీ పెళ్లయ్యాక మిగిలిపోయిన శుభలేఖల్లా తయారయ్యాయి.

ఆ ఏడాది గుండ్లవాగు జట్టు పన్నెండు ఆటల్లో ఆరు గెలిచి, ఆరు ఓడి, పామాయిల్ కప్పు ఫైనల్‌కు ఎంపికైంది. ఆ కప్పులో ఉన్నది ఒక్క ఫైనలే. ఎదుటి జట్టు ఉత్తరాన ఉన్న కొండపాటి విశ్వవిద్యాలయం. వాళ్లవీ ఆరూ ఆరే.

ఈ వార్తకు విశ్వవిద్యాలయం మొత్తంలో ఎగిరి గంతేసినవాడు ఒక్కడే. వాడి పేరు ఏసుపాదం. జట్టులో పన్నెండోవాడు. మంచి పట్టున్న కుర్రాడే, కాకపోతే అతను ఆడే కుడిమూలలోనే కెప్టెన్ వినీల్ కూడా ఆడతాడు. అందుకని మూడేళ్లుగా ఏసుపాదం బెంచీ మీద కూర్చుని తువ్వాళ్లు అందిస్తున్నాడు. వాళ్లమ్మ కరుణమ్మ మిర్చి యార్డులో కాయలకు తొడిమలు తీస్తుంది. అటవీ శాఖలో క్రీడాకారుల కోటా కింద బీట్ ఆఫీసరు ఉద్యోగాలు పడ్డాయి. రాతపరీక్షలో ఏసుపాదం గట్టెక్కాడు, పరుగులో మొదటివాడు. ఇక మిగిలింది ఒక్కటే షరతు: అభ్యర్థి చదువు చివరి ఏడాదిలో విశ్వవిద్యాలయం తరఫున ఏదైనా ఫైనల్లో కోర్టులోకి దిగి ఆడి ఉండాలి. ఆడినట్టు కాగితం ఉండాలి.

"ఇదే నా ఆఖరి ఛాన్సు సార్," అన్నాడు ఏసుపాదం. "ఒక్క కూతకు పంపినా చాలు."

"ఫస్టియర్లోనే చెప్పాగా, నిన్నొక్క ఫైనల్ ఆడించే పూచీ నాదని. రెండో సగంలో వినీల్ని కూర్చోబెట్టి నిన్ను దించుతా. పోయి మీ అమ్మకు చెప్పుకో," అన్నారు కోటిలింగం గారు. వాడు నిజంగానే పోయి చెప్పుకున్నాడు. కరుణమ్మ యార్డులో తోటి కూలీలకు టీ పోయించింది.

మర్నాడు జట్టులో పేరుమోసిన రైడరు జాన్ సైదా వాళ్ల మామ దరియావలిని వెంటబెట్టుకుని వచ్చాడు. జాన్ సైదా కొద్దిగా కుంటుతున్నాడు. దెబ్బేమీ తగల్లేదు, ముందుజాగ్రత్త.

"మావోడు ఫైనల్ ఆడటల్లేదు సార్," అన్నాడు మామ. "జనవరిలో ప్రొఫెషనల్ లీగు వేలముంది. వాడి కుడి మోకాలు ఇప్పుడు వాడిది కాదు. మార్కెట్లో ఉంది."

"మోకాలు మార్కెట్లో ఉంటే మనిషి యాడుంటాడయ్యా?"

"ఇంట్లో ఉంటాడు సార్. మంచమ్మీద. దిండెత్తు పెట్టి పడుకోబెడతాం."

కోటిలింగం గారికి ఒళ్లు మండింది. మూడేళ్లు విశ్వవిద్యాలయం గుడ్లు, పాలు, బాదంపప్పు పెట్టి పెంచిన మోకాలది. చర్య తీసుకోవాలని ఒక కాగితం రాసుకుని, ఉపకులపతి ఆచార్య విభూషణరావు గారి గదికి వెళ్లారు. అక్కడ ఉపకులపతిగారు పేపరు ముందేసుకుని పెళ్లికొడుకులా వెలిగిపోతున్నారు. పక్కన రిజిస్ట్రారు దక్షిణామూర్తి గారు నిలబడి ఉన్నారు.

"చూశారా కోటిలింగం గారూ! 'పామాయిల్ కప్పుకు జాన్ సైదా దూరం'. అర పేజీ! ఫొటో! మన సంస్థ నామధేయం ఏడు పర్యాయాలు ప్రస్తావించబడింది. గత సంవత్సరం మనం పురుగుమందుల కప్పు గెలుపొందినప్పుడు ఎంత వేశారు?"

"రెండు లైన్లు సార్. తప్పిపోయిన గేదె ప్రకటన కింద."

"అదీ! అనగా సమాజం ఏమి కోరుచున్నది? ఆట ఎవడైనా ఆడతాడు. ఆడకుండా ఉండటానికి విలువ ఉండాలి. విలువ ఉన్నవాడే విరమిస్తాడు. కావున విరమించినవాడు విలువైనవాడు. కావున ఎంతమంది విరమిస్తే సంస్థ అంత విలువైనది."

"శుద్ధ తర్కం సార్," అన్నారు రిజిస్ట్రారు గారు.

"ఇంతకూ మీరేదో కాగితం తెచ్చినట్టున్నారు?"

"ఏం లేదు సార్," అన్నారు కోటిలింగం గారు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

వారం తిరక్కుండా 'ఐచ్ఛిక క్రీడా విరమణ దరఖాస్తు' అచ్చయి వచ్చింది. మూడు ప్రతులు, ప్రతిదానికీ వరస నంబరు. 'కారణము' అన్నచోట 'భవిష్యత్తు' అని ముందే అచ్చు కొట్టించారు, పిల్లలు ఆలోచించి కష్టపడకుండా. జాన్ సైదాకు సభ చేసి, శాలువా కప్పి, బంగారు అంచు ఉన్న ప్రశంసాపత్రం ఇచ్చారు. 'పై విద్యార్థి పామాయిల్ కప్పు ఫైనల్లో ఆడలేదని ధ్రువీకరించడమైనది' అని అందులో రాశారు.

అది చూసి ఊరుకునేవాళ్లెవరు? మర్నాడు కెప్టెన్ వినీల్ విరమించాడు. వాణ్ణి ఏ వేలంలోనూ ఎవరూ పిలవలేదు. "అయినా రేపు పిలిస్తే?" అన్నాడు. ఎడమమూల కుర్రాడు కారణం కొట్టేసి 'మా బావ పెళ్లి' అని రాస్తే, రిజిస్ట్రారు గారే ఎర్రసిరాతో అది దిద్ది 'బావ భవిష్యత్తు' చేశారు. శాలువా మాత్రం కుర్రాడికే కప్పారు. కోచ్ తన భవిష్యత్తు దృష్ట్యా ఇంకో విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయాడు. ఈ గాలి మైదానం దాటి అటూ ఇటూ కూడా వీచింది. ఒక కెమిస్ట్రీ లెక్చరరు తన స్వరపేటిక విలువ దృష్ట్యా పాఠాలు విరమిస్తున్నానని రాసిచ్చాడు. లైబ్రేరియను తాళం తీయడం విరమించాడు. హాస్టలు వంటవాడు సాంబారు విరమించాడు, దానికి పిల్లలు నిజంగానే సన్మానం చేశారు.

దరఖాస్తులన్నిటి మీదా ఫిజికల్ డైరెక్టరు సిఫారసు సంతకం ఉండాలి. కోటిలింగం గారు పది రోజుల్లో పదకొండు సంతకాలు పెట్టారు. ప్రతిసారీ ఆయనకు మనసులో ఒకటే ధైర్యం, పోన్లే, ఎవడు పోతే ఏం, ఏసుపాదం ఆడే నిమిషాలు పెరుగుతున్నాయి కదా అని.

ఈలోగా పైనున్న క్రీడా మండలి నుంచి సర్క్యులరు దిగింది. ఇకపై కప్పుల స్థాయిని 'విరమణ సూచిక'ను బట్టి నిర్ణయిస్తారట. ఫైనల్‌కు చేరిన రెండు జట్లలో ఎక్కువమంది విరమించిన జట్టే విజేతట. ఆట అనే ప్రక్రియ ఐచ్ఛికమట. పామాయిల్ కంపెనీ మేనేజరు బాధపడతాడేమోనని కోటిలింగం గారు స్వయంగా ఫోన్ చేశారు.

"బాధేముంది సార్?" అన్నాడు మేనేజరు. "ఆట ఉంటే జనం ఆట చూస్తారు. ఆట లేకపోతే మా బ్యానరు చూస్తారు."

లెక్క చూస్తే గుండ్లవాగులో విరమించినవాళ్లు పదకొండు. కొండపాటిలోనూ పదకొండే. రెండుచోట్లా ఒక్కొక్కడు మిగిలాడు. ఎవరి పన్నెండోవాడు ముందు సంతకం పెడితే వాళ్లదే కప్పు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మావాడెవడ్రా ఆ మిగిలినవాడు అని ఉపకులపతిగారు ఆరా తీస్తే, ఏసుపాదం అని తెలిసింది. అంతవరకూ అలాంటివాడొకడు జట్టులో ఉన్నాడని ఆయనకు తెలియదు.

పిలిపించారు. ఏసుపాదం చొక్కా పైగుండీ పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. వెనక కోటిలింగం గారు.

"నాయనా," అన్నారు విభూషణరావు గారు, "సంస్థాగత ప్రతిష్ఠ నీ ఒక్క హస్తాక్షరమందు నిక్షిప్తమై యున్నది. విరమించు."

"నేను ఆడతాను సార్."

"ఎందులకు?"

"ఫైనల్ ఆడితేనే ఫారెస్టు ఉద్యోగమిస్తారు సార్. ఆడినట్టు కాయితం కావాల."

"ఆడనట్టు ఇస్తాం నాయనా. బంగారు అంచుతో," అన్నారు రిజిస్ట్రారు గారు.

"వాళ్లు ఆడినట్టు అడుగుతున్నారు సార్."

ఉపకులపతిగారు కుర్చీలోంచి లేచారు. "కోటిలింగం గారూ, ఈ బాలుడి సమస్య నాకు అవగతమైంది. ఇతడికి తన విలువ తెలియదు. ఆడవలెననే కోరిక ఆత్మన్యూనతా లక్షణం. పదకొండుమంది మహోన్నతులు త్యజించినదాన్ని వీడొక్కడు ఆశిస్తున్నాడంటే, బయటి లోకం మన జట్టును ఏమనుకుంటుంది? రేపే ఫైనల్ తేదీ. సాయంత్రం నాలుగు గంటలకు మన మందిరంలో సభ, కొండపాటి వారూ వేంచేయుచున్నారు. అప్పటిలోగా ఇతడి సంతకం నా బల్ల మీద ఉండాలి. లేనిచో హాల్ టికెట్టు సంగతి రిజిస్ట్రారు గారు చూసుకుంటారు."

"అలాగే సార్," అన్నారు కోటిలింగం గారు.

ఆ మాట నోటివెంట వచ్చాక ఆయన ఏసుపాదం వైపు చూడలేకపోయారు. వాడు మాత్రం ఆయన్నే చూస్తూ బయటకు నడిచాడు. ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదు. "నేను మనిషినేనా అసలు?" అని భార్యనడిగారు. ఆమె మజ్జిగ పోస్తూ, "ఆ సంగతి రేపు నాలుగింటికి తేలుద్దిలే," అంది.

మర్నాడు మూడు గంటలకు దరఖాస్తు మూడు ప్రతులూ చేతబట్టుకుని కోటిలింగం గారు మైదానానికి వెళ్లారు. సభ మందిరంలో కాబట్టి మైదానంలో నరపురుగు లేదు. ఏసుపాదం ఒక్కడే నిక్కరు వేసుకుని, బకెట్లో సున్నం కలుపుకుని, కోర్టు గీతలు తనే గీస్తున్నాడు. మధ్యగీత వంకర పోతే చెరిపి మళ్లీ గీస్తున్నాడు.

"ఏసుపాదం..." అన్నారాయన.

వాడు కాగితాలు చూసి బకెట్టు కింద పెట్టాడు. "మీరు కూడా అడుగుతున్నారా సార్?"

కోటిలింగం గారు కాగితాలు వీపు వెనక్కి పెట్టుకున్నారు. "హాల్ టికెట్టు ఆపుతామంటున్నార్రా. డిగ్రీ పోద్ది."

"డిగ్రీ ఉండి ఉద్యోగం లేకపోతే మా అమ్మ తొడిమలు తీయటం ఆపదు సార్. ఆమె వేళ్లు చూశారా ఎప్పుడన్నా? మంటకి రాత్రుళ్లు నీళ్లలో పెట్టుకుని పడుకుంటది." వాడు కళ్లు తుడుచుకోబోయి, చేతికి సున్నం ఉందని ఆగాడు. "మీరు సంతకం పెట్టమంటే పెడతా. నాకింకెవరు చెప్పినా పెట్టను. మీరు చెప్పండి."

అంతలో గేటు దగ్గర ఆటో ఆగింది. అందులోంచి ఒక పొట్టి కుర్రాడు భుజాన సంచితో దిగి, మైదానం నాలుగువైపులా చూసి, వీళ్ల దగ్గరికొచ్చాడు.

"నమస్కారం సారూ. నాను కొండపాటి నుంచొచ్చినాను. నా పేరు అప్పలసూరి. పామాయిల్ కప్పు ఇక్కడే గదా? మావోలు ఎవలూ రానేదేటి?"

"మీ వాళ్లంతా అదిగో ఆ మందిరంలో శాలువాలు కప్పుకుని కూర్చున్నారు నాయనా. నీకెవరూ చెప్పలా?"

"ఏటో, ఫోన్లు సేస్తన్నారు నిన్నట్నుంచి. సంతకమెట్టు సంతకమెట్టు అని. విసుగొచ్చి ఫోనాపేసి బస్సెక్కీసినాను." అప్పలసూరి సంచి కింద పెట్టి కోర్టు కొలిచినట్టు చూశాడు. "నాను కూడా మూడేళ్లు బెంచీయే సారూ. ఒక్క ఆటాడి ఎలిపోతాను. ఆడొద్దంటే సెప్పండి, తిరుగు బస్సు ఆరింటికుంది."

కోటిలింగం గారు ఒకసారి మందిరం వైపు చూశారు. అక్కడ మైకులో ప్రార్థనాగీతం మొదలైంది. ఒకసారి ఈ ఇద్దర్నీ చూశారు. నలభై నాలుగు జట్ల లోకంలో ఆడదామని వచ్చిన ఇద్దరు మనుషులు. ఆయన దరఖాస్తును వెనక్కి తిప్పారు. ఆ పక్క ఖాళీగా ఉంది. పెన్ను తీసి నిలువుగా గీత గీసి, ఒకవైపు 'గుండ్లవాగు', ఒకవైపు 'కొండపాటి' అని రాశారు. కింద కార్బన్లు పెట్టారు.

"ఒక్కొక్కడే కాబట్టి ఎవడు ఔటైనా జట్టంతా ఔటైనట్టే. ఆ పాయింటొకటి, లోనాకి రెండు, మొత్తం మూడు. ఔటైనవాడు వెంటనే లేచి రావాలి. ఇరవై నిమిషాలొక సగం. రూల్సన్నీ మామూలే. టాస్ ఎవడేస్తాడు?" అని ఈల నోట్లో పెట్టుకున్నారు.

మొదటి కూత ఏసుపాదానిది. మూడేళ్లు దాచిపెట్టుకున్న ఊపిరంతా ఒక్కసారి తీసి "కబడ్డీ కబడ్డీ" అంటూ గీత దాటాడు. అప్పలసూరి మడమ పట్టేశాడు. ఇద్దరూ దుమ్ములో దొర్లారు. మూడు పాయింట్లు కొండపాటికి. లేచి ఇద్దరూ నవ్వుకున్నారు. మామూలుగా ఏడుమందికి పంచుకునే ఆట ఇద్దరే ఆడుతుంటే తెరిపి ఎక్కడిది? కూత అయిపోగానే పట్టు, పట్టు అయిపోగానే కూత.

ముందు తోటమాలి వచ్చి నిలబడ్డాడు. తర్వాత సాంబారు విరమించిన వంటవాడు వచ్చాడు. అమ్మాయిల హాస్టలు కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకుని, కాసేపటికి అమ్మాయిలే కిందికి దిగారు. విరామం నాటికి కోర్టు చుట్టూ కట్టిన తాడు వెంట మూడు వరసల జనం. రెండో సగంలో మందిరంలో కూర్చున్నవాళ్లు కూడా బాత్రూము వంకతో లేచి రావడం మొదలుపెట్టారు. వచ్చినవాడు వచ్చినట్టు తిరిగి వెళ్లలేదు. శాలువాతోనే జాన్ సైదా తాడు దగ్గరికొచ్చి, రెండు కూతలు చూసి, కాలు నిలవక ఊగిపోయాడు.

"సార్, సార్! ఒక్క కూత! ఒక్కటంటే ఒక్కటే సార్!"

"కూర్చోరా!" అని దరియావలి వాడి మోకాలు రెండు చేతులా వాటేసుకున్నాడు. "వేలం, వేలం!"

"పేరు కొట్టేశాను నాయనా. విరమించినవాణ్ణి దించడం కుదరదు," అన్నారు కోటిలింగం గారు. జాన్ సైదా శాలువా నోట్లో కుక్కుకుని ఏడ్చినంత పని చేశాడు.

మందిరంలో వక్త తప్ప శ్రోత లేకపోయేసరికి ఉపకులపతిగారు, కొండపాటి ఉపకులపతిగారు, రిజిస్ట్రారు గారు మైదానానికి పరుగున వచ్చారు. విభూషణరావు గారు జనాన్ని చీల్చుకుంటూ కోర్టు దాకా వచ్చి, "ఆపండి! ఎవరి అనుమతితో ఈ క్రీడ..." అని అరిచారు.

కోటిలింగం గారు గడియారం చూసుకున్నారు. "ఇంకా ఐదు నిమిషాలుంది సార్. గీత దాటకండి."

ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన అన్న మూడో మాట అది. ఉపకులపతిగారికి ఏం తోచిందో ఏమో, ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నారు. ఆ ఐదు నిమిషాలూ ముగ్గురు పెద్దలూ గీత అవతలే నిలబడ్డారు. ఆఖరి పట్టులో అప్పలసూరి జారితే కొండపాటి ఉపకులపతిగారు "అయ్యయ్యో, చెయ్యందించరా!" అని అరిచి, నాలిక కరుచుకున్నారు.

ముప్పై మూడు, ముప్పై. కొండపాటి గెలిచింది. ఓడిన ఏసుపాదం మట్టిలో వెల్లకిలా పడి, ఆకాశంకేసి చూసి ఎగశ్వాసలోనే నవ్వాడు. జనం ఇద్దర్నీ భుజాలకెత్తుకున్నారు. కోటిలింగం గారు కాగితం కింద తేదీ వేసి, సంతకం పెట్టి, అప్పుడు కూలబడ్డారు. ఎందుకో ఆకలి వేస్తోంది.

ఆట జరిగిపోయిన కారణంగా పామాయిల్ కప్పు స్థాయి ముప్పై తొమ్మిదో స్థానానికి దిగజారిందని క్రీడా మండలి విచారం ప్రకటించింది. రెండు జట్లనూ అనర్హులుగా తేల్చి, కప్పును కంపెనీకే ఇచ్చేసింది. ఏసుపాదం 'ఆడినట్టు' ధ్రువపత్రం అడిగితే రిజిస్ట్రారు గారు చేతులెత్తేశారు. "ఏ ఆట? రికార్డుల ప్రకారం ఆనాడు అక్కడ ఆట జరగలేదు. జరగనిదానికి పత్రమెలా ఇస్తాం?"

కోటిలింగం గారు ఏసుపాదం ముఖం చూశారు. ఇంత చేసి, చివరికి కుర్రాణ్ణి నట్టేట ముంచానే అనుకున్నారు. అటవీ శాఖవాళ్ల పరిశీలన పది రోజుల్లో ఉంది.

నాలుగో రోజున విచారణ నోటీసులొచ్చాయి. ఫిజికల్ డైరెక్టరుకొకటి, ఏసుపాదానికొకటి. విచారణాధికారి రిజిస్ట్రారు గారే. నోటీసు చదువుతూ చదువుతూ కోటిలింగం గారు సగంలో ఆగి, మళ్లీ మొదట్నుంచి చదివారు. కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి చదివారు. ఆ మధ్యాహ్నం ఆయన రెండేసి మెట్లు ఎక్కి పరిపాలనా భవనానికి వెళ్లారు.

"అయ్యా, నేను తప్పు ఒప్పుకుంటున్నాను. ఆ కుర్రాడూ ఒప్పుకుంటాడు," అన్నారు.

"సంతోషం," అన్నారు రిజిస్ట్రారు గారు, కొంచెం నిరాశగా. ఆయన ఇరవై సిటింగులకు సిద్ధమై ఉన్నారు.

"కానీ సార్, ఉత్తర్వులో ఊరికే 'ఆడెను' అని రాస్తే రేపు కోర్టుకెళ్తే నిలుస్తుందా? ఎన్ని కూతలు, ఎన్ని పాయింట్లు, ఎన్ని నిమిషాలు అన్నీ ఉండాలేమో. నేనే ఆధారం తెచ్చాను." విరమణ దరఖాస్తు మూడు ప్రతులూ బల్ల మీద పెట్టారు. "మన ఆఫీసు కాగితమే సార్. వరస నంబరుంది."

దక్షిణామూర్తి గారు వెనకా ముందూ తిప్పి చూశారు. అప్పీలులో కొట్టుకుపోయిన ఉత్తర్వులు ఆయన జీవితంలో చాలా ఉన్నాయి. ఈసారి ఒక్క కన్నం కూడా ఉండకూడదనుకున్నారు. "కోటిలింగం గారూ, మీలో ఇంత విధేయత ఉందని నేనెరగను."

"ఉపకులపతిగారి సంతకం కూడా ఉంటే గట్టిగా ఉంటుందేమో సార్. వారు కళ్లారా చూశారు కదా."

"ఉంటుంది. ఇద్దరు ఉపకులపతులవీ తీసుకుంటాను."

ఉత్తర్వు మూడు పేజీలొచ్చింది. కోటిలింగం గారు మూడు నెలలు మైదానంలో అడుగు పెట్టరాదనీ, అంతవరకూ శాలువాల గది చూసుకోవాలనీ వేశారు. ఏసుపాదానికి తీవ్ర మందలింపు. డిగ్రీ మాత్రం ఆపలేదు. ఆపితే వాడు ఇంకో ఏడాది జట్టులోనే ఉంటాడని ఉపకులపతిగారు భయపడ్డారు. నిబంధన ప్రకారం నిందితుడికి సీలు వేసిన ప్రతి ఒకటి ఇవ్వాలి కాబట్టి ఇచ్చారు.

పరిశీలన రోజున అటవీ శాఖ ఆఫీసులో బల్ల వెనక ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు బంగారు అంచు పత్రాలు దొంతరగా పేరుకుపోయి ఉన్నాయి. రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చినవే. పొద్దుటినుంచీ చదివి చదివి ఆయనకు తలనొప్పి వచ్చింది. కోటిలింగం గారు గుమ్మం బయట నిలబడి కిటికీలోంచి చూస్తున్నారు. ఆయన పక్కన కరుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

ఏసుపాదం తన కాగితం పెట్టాడు. పెద్దాయన నీరసంగా అందుకుని, పైకే చదవసాగాడు. "'...సదరు ఏసుపాదం, సంస్థ ఉన్నతాధికారులు ఎన్ని విధముల హితవు చెప్పినను పెడచెవిని పెట్టి, పామాయిల్ కప్పు ఫైనల్ నందు విశ్వవిద్యాలయం తరఫున ఉద్దేశపూర్వకముగా కోర్టులోకి దిగి, పూర్తి నలభై నిమిషములు, ఎవరి సాయమును లేకుండా, నలభై పర్యాయములు కూతకు వెళ్లి, ముప్పై పాయింట్లు ఆర్జించి, క్రీడకు పాల్పడినాడని నిస్సందేహముగా, ప్రత్యక్ష సాక్షుల వలన రుజువైనది.'" ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఇది శిక్ష కాయితం కదయ్యా?"

"అవును సార్. నేను ఆడానని రాసింది ఇదొక్కటే."

పెద్దాయన సంతకాలు లెక్కపెట్టాడు. ఇద్దరు ఉపకులపతులు, ఒక రిజిస్ట్రారు. గుండ్రటి సీళ్లు రెండు. తన నిబంధనల పుస్తకం తిప్పి చూశాడు. క్రిమినల్ కేసులుండరాదని ఉంది కానీ, కబడ్డీ కేసుల సంగతి ఎక్కడా లేదు. స్టాంపు తీసి ఠపీమని కొట్టి, "వెళ్లి పక్క గదిలో యూనిఫారం కొలతలివ్వు," అన్నాడు.

కిటికీ అవతల కరుణమ్మ కోటిలింగం గారి చేతులు రెండూ పట్టుకుంది. ఎర్రగా పొక్కిన వేళ్లు. ఏడ్చేసింది. ఆయన కూడా ఏడ్చారు, సిగ్గుపడకుండానే.

వరసలో తర్వాతివాడు కెప్టెన్ వినీల్. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో బంగారు అంచు పత్రం, భుజాన సన్మానపు శాలువా. పెద్దాయన పత్రం చదివి, దొంతర మీద పడేసి, మనసొప్పక మళ్లీ తలెత్తాడు.

"నీమీద మెమోలేమన్నా ఉన్నాయా నాయనా? మందలింపు, గట్టి హెచ్చరిక, అలాంటివి?"

"లేవు సార్," అన్నాడు వినీల్ నిటారుగా నిలబడి. "యూనివర్సిటీలో నామీద ఒక్క మచ్చ లేదు."

"అయ్యో పాపం," అన్నాడు పెద్దాయన, పత్రం తిరిగి వాడి చేతిలో పెట్టి.